మంచానికి కట్టిన గుడ్డపీలిక

ఆమె చనిపోయిందని నాకెవరూ చెప్పలేదు. నా నంబరు ఆమె ఫోనులో ఉంది. ఆమె కూతురికి మా ఇల్లు తెలుసు. సూర్యాపేటలో మా వీధి చివరి మందుల దుకాణం అతనికి ఆమె బాగా ఎరుకే. ఇంతమందిలో ఒక్కరికీ నేను గుర్తుకు రాలేదు. చివరికి ఆ సంగతి కోదాడలో, ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి నోట విన్నాను.

మా బావమరిదికి ఆపరేషన్ అయితే చూడడానికి కోదాడ వెళ్లాను. పక్క మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు. నర్సులకు సాయంగా ఉండే అమ్మాయి ఆయన్ని పక్కకు తిప్పడానికి వచ్చింది. ముందు తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకుంది. ఆయన భుజం మీద చెయ్యి ఆనించి, "తాతగారూ, కుడి పక్కకి తిప్పుతున్నానండీ" అని చెప్పి, ఆయన ఊఁ అనేదాకా ఆగింది. ఆ ఆగడం చూసి నేను కుర్చీలోంచి లేచాను. చెప్పేవాళ్లు ఉంటారు. జవాబు కోసం ఆగేవాళ్లను నేను చూసినంతలో ఒక్కరినే చూశాను.

"నీకిది ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాను.

"మిర్యాలగూడలో చేసేటప్పుడు ఒక ఆయమ్మ నేర్పించారండీ. తండా ఆవిడ. ఇప్పుడు లేరు. శ్రావణంలో పోయారు. డ్యూటీకి బయల్దేరుతుంటే గుండెనొప్పి వచ్చిందంట."

సూర్యాపేట చేరేదాకా బస్సులో కోపంగానే కూర్చున్నాను. ఆ కోపం ఎవరి మీదో ఇప్పటికీ తేలలేదు.

ఆమె పేరు నాకు తెలుసు. ఒకసారి ఇంటిపేరుతో సహా కాగితం మీద రాశాను కూడా. ఆ కాగితం ఏం చేసిందో చూశాక ఆ పేరు మళ్లీ రాయడానికి చెయ్యి రావడం లేదు. అందరూ ఆమెను ఆయమ్మ అనేవారు. నేనూ అంతే.

మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. పన్నెండు రోజులు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉంచి, ఇక ఇంట్లోనే చూసుకోండి అని పంపించారు. రెండు పక్కలా అడ్డంగా పట్టీలున్న ఇనప మంచం ఒకటి కిరాయికి తెచ్చి ముందుగదిలో వేశాం. పగటికి ఒక మనిషిని, రాత్రికి ఒక మనిషిని ఆసుపత్రివాళ్లే పంపారు. పగటి మనిషి ఆయమ్మ. సొంతూరు మాడుగులపల్లి దగ్గర తండా. సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. యాభై దాటిన మనిషి, పొట్టి, వెడల్పాటి చేతులు. గోళ్లు కండ దాకా కత్తిరించుకునేది. గాజులు మోచేతి వైపు తోసి చేతిరుమాలుతో కట్టేసేది, రోగి ఒంటికి గీసుకోకుండా.

మొదటి రోజు ఆమె గడప దాటి అడిగిన మొదటి మాట, "సబ్బు యాడుంది సారూ?"

"మా ఇల్లు అంత మురికిగా కనిపించిందా?" అన్నాను.

"ఇల్లు గాదు సారూ, నా చెయ్యి. బస్సుల రాడ్ పట్టుకొని వచ్చిన."

అది నిజమే. అయినా ఆ సబ్బు మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. నేను అలాంటివి మరిచిపోయే మనిషిని కాను. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు నన్ను ఏ బెంచీ మీద నిలబెట్టాడో ఇప్పటికీ చెప్పగలను. తప్పు జరిగితే కాగితం మీద పెట్టాలన్నది నా పద్ధతి. కరెంటాఫీసుకు, బస్సు డిపోకు, మునిసిపాలిటీకి రాశాను. కొన్ని పనులు అయ్యాయి కూడా. అందుకు సిగ్గుపడను.

ఆమె పని చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి, తప్పు దొరుకుతుందేమోనని. మా ఆవిడకు తడిగుడ్డతో ఒళ్లు తుడిచేటప్పుడు ముందు కిటికీ మూసేది. తర్వాత నా వైపు చూసేది. నేను వెళ్లేదాకా తువ్వాలు తీసేది కాదు. ఒక చెయ్యి తుడిచేటప్పుడు ఆ చెయ్యే బయట ఉండేది, మిగతా ఒళ్లంతా కప్పే ఉండేది. ముఖానికి ఒక గిన్నె నీళ్లు, ఒంటికి ఇంకో గిన్నె. పచ్చ తువ్వాలా, ఎర్ర తువ్వాలా అని రోజూ మా ఆవిడనే అడిగేది. మా ఆవిడకు మాట సరిగా రాదు. ఆఁ, వద్దు, ఈ రెండే స్పష్టంగా వచ్చేవి. ఏ తువ్వాలైతే ఏముంది అన్నాను ఒకరోజు.

"పొద్దటిసంది మనం జేసిందే అక్క ఒంటికి అయితుంది. గిదొక్కటన్న ఆమె ఇష్టం ఉండనీ సారూ."

దుప్పటి మీద అరచెయ్యి నెమ్మదిగా జరుపుతూ ముడతలు వెతికేది. "మనకు ముడత. కదల్లేని మనిషికి ముల్లు" అనేది. నీళ్లు పట్టేటప్పుడు తలగడ ఎత్తుచేసి, గడ్డం కొంచెం కిందికి వంచి, గ్లాసు పెదవికి ఆనించి ఆగేది. పోసేది కాదు. "తాగేది అక్క. గ్లాసు పట్టుకునుడే నా పని." మెతుకులు బాగున్న ఎడమ దవడ వైపే పెట్టేది. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టనిచ్చేది కాదు. ఆ అరగంటా కబుర్లు. తండాలో మేకల సంగతి, కూతురు ఫోనులో అన్న మాటలు. కూతురితో తండా భాషలో మాట్లాడి, పెట్టేశాక మా ఆవిడకు తెలుగులో మళ్లీ చెప్పేది. నడుమ నన్ను కూడా వదిలేది కాదు.

ఒకరోజు నేను నల్లా నీళ్ల మీద అర్జీ రాసుకుంటుంటే మా ఆవిడతో అంది, "సారు అందరి మీద రాస్తడు గదా అక్కా. మరి సారు మీద మనం రాయాల్నంటే ఎవరికియ్యాలె?"

మా ఆవిడ నవ్వింది. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. ముఖంలో ఎడమ సగమే నవ్వింది, కుడి సగం అలాగే ఉండిపోయింది. ఆ నవ్వు కోసం నేను ఇన్నాళ్లుగా ఎదురు చూస్తున్నాను. వచ్చింది నా మీద వేసిన మాటకు. సంతోషించాలో, చిన్నబుచ్చుకోవాలో తెలియక పెన్ను మూత పెట్టి బయటికి వెళ్లిపోయాను.

ఇక ఆ గుడ్డపీలిక సంగతి.

ఆయమ్మ సాయంత్రం ఆరింటిలోపే మా ఆవిడకు అన్నం పెట్టి, కూర్చోబెట్టాల్సినంతసేపు కూర్చోబెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి వెళ్లేది. వెళ్లేముందు కట్లు కట్టే తెల్లగుడ్డ నుంచి జానెడు పీలిక చించి మంచం పట్టీకి ముడి వేసేది. నేను అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారని నాకు నేనే అనుకున్నాను. ఎందుకంటే, ఆసుపత్రిలో ఉన్నప్పుడు దుప్పటి మార్చలేదని నేను రెండుసార్లు రాసిచ్చాను. తర్వాత ఇద్దరు పనివాళ్లు వరండాలో, "ఆ మూల మంచమాయన రాసుడు షురూ జేస్తే ఆగడంట" అని నవ్వుకోవడం చెవిన పడింది. ఇప్పుడు మంచానికి పీలిక కనబడగానే నాకు అర్థమైపోయింది. ఇది గుర్తు. రాత్రి మనిషికి, ఈ ఇల్లు ఫిర్యాదుల ఇల్లు అని చెప్పడానికి.

ఆమె వీధి మలుపు తిరగగానే ముడి విప్పేవాణ్ణి. రోజూ. విప్పిన ప్రతి పీలికనూ తారీఖు రాసిన చిన్న కాగితంలో చుట్టి ఒక కవరులో దాచేవాణ్ణి, సాక్ష్యంగా పనికొస్తుందని.

రెండు వారాలు కాకుండానే మా ఆవిడ ఎడమ తుంటి మీద ఎర్రమచ్చ కనిపించింది. పొద్దున ఆయమ్మే చూసింది. వేలితో నొక్కి తీసి చూసింది. నొక్కినచోట తెల్లబడలేదు, అంటే లోపల పుండు మొదలైనట్టు. ఆమె ముఖం మారింది.

"గిట్లెట్లయింది? రెండు గంటలకోపారి తిప్పుతనే ఉన్నం గద."

మూడో రోజుకు అక్కడ చర్మం లేచింది. నేను ఆ మధ్యాహ్నమే రెండు పేజీలు రాసి ఆసుపత్రి మేనేజరు చేతికిచ్చి వచ్చాను. పగటి మనిషి నిర్లక్ష్యం వల్లే పుండు పడిందని రాశాను. పేరు పూర్తిగా రాశాను. సాయంత్రం లోపే ఆమెకు ఫోను వచ్చింది, రేపటి నుంచి రావొద్దని. ఆమె అప్పుడు మా ఆవిడ కాళ్ల కింద దిండు సర్దుతోంది. ఫోను పెట్టేసి, మెత్త సర్దడం పూర్తి చేసింది. చేతులు కడుక్కుంది.

"సారూ, ఎడమ దిక్కు అసలే పండబెట్టకు. నూనె పెట్టి రుద్దుతనంటరు, రుద్దనియ్యకు, లోపల ఇంక పాడైతది. రేపే డాక్టరుకు చూపియ్యి." మా ఆవిడ దగ్గరికి వెళ్లి, "అక్కా, పోయొస్త" అంది. మా ఆవిడ ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుంది. వద్దు, వద్దు అంది. ఆయమ్మ ఒక్కో వేలూ మెల్లగా విడిపించుకుంది.

నన్ను ఒక్క మాట అనలేదు. అదీ నాకు తప్పుగానే తోచింది. తప్పు లేనివాళ్లు ఎదురు తిరుగుతారు కదా అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం రాత్రి మనిషి వచ్చింది. సూర్యాపేటలోనే ఉండే నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ తొందరలో ఉండేది. మంచం చుట్టూ చూసి విసుక్కుంది.

"సారూ, ఆయమ్మ పోయేటప్పుడు గుడ్డ ఎందుకు గట్టదు? దవాఖానల అందరం గడుతం. అక్క ఎల్లెలకల పండి ఉంటది. ఇంతకుముందు ఏ పక్క మీదుందో నాకెట్ల తెలుస్తది? గుడ్డ ఎడమకుంటే నేను కుడికి తిప్పాలె, కుడికుంటే ఎడమకు. గుడ్డ లేకపాయె. పడిపోయిన కుడి పక్క మీద ఎయ్యాలంటే నాకు భయం. అందుకే రోజు ఎడమకే తిప్పిన."

"నువ్వు ఆమెను అడగలేదా?"

"ఆమె పొయ్యేది ఆరింటికి, నేనొచ్చేది ఎనిమిదింటికి. యాడ కలుస్తం సారూ? మరిసిపోతుందేమో అనుకున్న."

ఆయమ్మ సాయంత్రాలు మా ఆవిడను ఎడమ పక్క నుంచే లేపి అన్నానికి కూర్చోబెట్టేది. పీలిక ఎడమ పట్టీకే ఉండేది. అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే రోజూ విప్పింది నేనే. నేను విప్పిన ప్రతి ముడికీ నా భార్య అదే తుంటి మీద ఇంకో రెండు గంటలు పడుకుంది.

విప్పింది నేనేనని రాత్రి మనిషికి చెప్పలేదు. గుడ్డ కట్టే మనిషి ఇక రాదని మాత్రం చెప్పాను.

ఆమె మిర్యాలగూడలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరిందని మందుల దుకాణం అతను చెప్పాడు. కవరు జేబులో పెట్టుకుని పొద్దున బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. తప్పయింది అన్న మాట ప్రతిసారీ చివరికి జరిగిపోయేది. దాని ముందు ఏవేవో కారణాలు వచ్చి నిలబడేవి.

ఆమె ఒక ముసలాయనకు చెంచాతో జావ పడుతోంది. నన్ను చూసింది. "జర ఆగు సారూ. తాత మింగినంక మాట్లాడుత." జావ అయ్యాక కూడా ఆయన్ని కూర్చోబెట్టే ఉంచింది. నేను స్టూలు మీద అరగంట కూర్చున్నాను. అప్పుడు వచ్చింది. కవరు విప్పి ఆమె చేతిలో పెట్టాను.

"ఏంది సారూ గివి? నేను గట్టిన గుడ్డలు గాదా? దాసిపెట్టినవా?"

"సాక్ష్యం కోసం."

"దేనికి సాక్ష్యం?"

చెప్పాను. నేను ఏమనుకున్నానో, ఎందుకు విప్పానో. చివర్లో, "అదేమిటో నువ్వు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు" అని కూడా అన్నాను. నేను అనుకున్న వాక్యాల్లో అది లేదు. నోటికి అదే వచ్చింది.

ఆమె పీలికలు మళ్లీ కవరులో పెట్టింది. "అవ్ సారూ. చెప్పకపోతి. దవాఖానల అందరికి ఎరుకే గద, ఇంట్లోళ్లకు గూడ ఎరుకే అనుకున్న. తప్పు నాదే."

కాదు, నాది, అనబోయాను. ఆమె అప్పటికే అడిగేసింది: "పుండు ఎంతుంది? రూపాయి బిళ్లంతనా, ఇంక పెద్దదా? వాసన గిట్ల వస్తుందా?"

ఆ సాయంత్రమే మేనేజరుకు ఇంకో కాగితం రాశాను, పాత ఫిర్యాదు తప్పు అని, ఆమెను తిరిగి తీసుకోమని. అతను చదివి మడిచి పక్కన పెట్టాడు. వేరే మనిషిని పెట్టామన్నాడు. నా జీవితంలో నేను రాసిన కాగితాల్లో అంత తొందరగా పని చేసింది ఆమె మీద రాసిన మొదటిది. అసలు పని చెయ్యనిది రెండోది. ఆ మాట ఆయమ్మకు ఫోనులో చెబితే, "నాకు గీడనే మంచిగుంది. తండ దగ్గర" అంది. నిజంగా అందో, నా కోసం అందో తెలియదు.

ఆమెకు ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఆదివారాల్లో మా ఇంటికి వచ్చేది. పుండు కట్టు డాక్టరు చెప్పినట్టు కొత్త మనిషి కడుతుండేది. ఆయమ్మ వచ్చింది నాకు నేర్పడానికి. "మనుషులు మారుతుంటరు సారూ. మారనోనివి నువ్వొక్కనివే" అంది.

మొదటి ఆదివారం నేను మా ఆవిడను చంకల కింద పట్టి పైకి గుంజాను. ఆయమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"గుంజొద్దు. దుప్పటికి రాసుకొని తోలు పోతది. లేపి జరపాలె. ఎవరి మీద కోపంగున్నవ్?"

"ఎవరి మీదా లేదు."

"ఉంది. కోపం చేతులకు దిగుతది. అక్క ఒంటికి తెలుస్తది. బైట ఓ చక్కర్ కొట్టి రాపో."

అరవై ఏళ్లవాణ్ణి నా ఇంట్లోంచి నన్నే బయటికి పంపింది. వెళ్లాను. వీధి చివరిదాకా నడిచి వచ్చాను.

తిరిగి వచ్చేసరికి పక్కనున్న నవారు మంచం ఖాళీ చేసి, "పండుకో" అంది. పడుకున్నాను. "చేతులు, కాళ్లు కదపకు. అక్క లెక్క ఉండు." కళ్లు మూసుకున్నాను. చప్పుడు లేకుండా వచ్చి ఒక్కసారిగా నన్ను పక్కకు దొర్లించింది. పడిపోతున్నానని మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. మా ఆవిడ పట్టీల మధ్యనుంచి చూస్తూ సగం ముఖంతో నవ్వుతోంది.

"సూసినవా? చెప్పకపోతే గట్లుంటది." మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టి, ఈసారి భుజం మీద చెయ్యి వేసింది. "సారూ, నా దిక్కు తిప్పుతున్న. తిప్పన్నా?"

"ఊఁ."

మోకాలు మడిచి, భుజమూ తుంటీ పట్టుకుని తన వైపు తిప్పుకుంది. నేను ఏమీ పట్టుకోలేదు. పట్టుకోవాలని అనిపించలేదు.

ఆ తర్వాత నా చేతులు కొద్దికొద్దిగా నేర్చుకున్నాయి. వీపు వెనక మెత్త, మోకాళ్ల నడుమ మెత్త, మడమ కింద ఏదీ తగలకుండా చూడడం. ఆయమ్మ పొగిడేది కాదు. తప్పు చేస్తే నాలుకతో చిన్న చప్పుడు చేసేది. ఆ చప్పుడు రాకపోతే బాగున్నట్టు. వారం వారం పుండు చుట్టూ చర్మం లోపలికి అల్లుకుంటూ వచ్చింది. ఈ రోజు మా ఆవిడ చేతికర్రతో వరండా దాకా నడుస్తోందంటే అందులో డాక్టర్ల పాలు ఎంతో, ఆయమ్మ పాలు ఎంతో నేను చెప్పలేను.

ఆమె వచ్చిన చివరి ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ భోంచేసి, ఆ తర్వాత పడుకుని నిద్రపోయింది. తిప్పే వేళయింది. ఆయమ్మ లేవలేదు. కూర్చున్నచోటు నుంచే నాకు కళ్లతో చెప్పింది.

మా ఆవిడ చెవి దగ్గర మెల్లగా ఒక మాట చెప్పి, మోకాలు మడిచాను. భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి. నా వైపు తిప్పుకున్నాను. మెత్తలు పెట్టాను. తల కింద చెవి మడత పడిందేమో వేలితో చూసి సరిచేశాను. మా ఆవిడ మేలుకోలేదు. ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్లీ మామూలుగా పీల్చింది.

ఆయమ్మ వచ్చి చీర కొంచెం పక్కకు తీసి తుంటి చూసింది. పుండు ఉన్నచోట లేత గులాబీ రంగు చర్మం, మూసుకుపోయి ఉంది. చీర కప్పేసింది. నాలుక చప్పుడు రాలేదు. తన సంచి భుజానికి తగిలించుకుంది.

ఇక ఆమె రాదని నాకు అర్థమైంది. బస్సులో కూర్చుకున్న వాక్యాలేవీ గుర్తు లేవు. ఒక్క మాటే మిగిలింది, దాని ముందు ఏ కారణమూ లేదు. ఆమె గడప దగ్గరికి చేరేసరికి, "ఆయమ్మా, నేను..." అని మొదలుపెట్టాను.

ఆమె చెయ్యెత్తి మంచం వైపు చూపించింది. లేస్తుంది, అన్నట్టు తల అడ్డంగా ఊపింది. చెప్పులు చేతిలో పట్టుకుని చప్పుడు లేకుండా మెట్లు దిగి, గేటు దాటాక వేసుకుంది.

నేను గడపలోనే నిలబడిపోయాను. వెంట వెళ్తే నా చేతిలో గేటు కిర్రుమంటుంది. వెనక మంచం మీద మా ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, ఒకే తీరుగా.